రెండో నాడు రాలేకపోతే?



మొన్న సెలవులకు నా మనమడు మా ఊరు వచ్చాడు. వస్తూనే ఒక కాగితం నా చేతికిచ్చి, "తాతయ్యా, మేము పదిమంది స్నేహితులం కలిసి పడవలో హోప్ దీవికి పోయి, అక్కడ డేరా వేసుకుని ఒక రాత్రి ఉండాలనుకుంటున్నాం. ఏర్పాట్లన్నీ రాసేశాను. ఏమైనా మరిచానేమో చూడు!" అన్నాడు.

కాగితం చూశాను. డేరాలు, దుప్పట్లు, టార్చిలైట్లు, బిస్కట్లు, దోమల మందు, చదరంగం బల్ల, అన్నీ ఉన్నాయి. ఎవరెవరు ఏమేమి తేవాలో కూడా ముచ్చటగా గళ్ళు గీసి రాశాడు.

"బాగానే ఉందిరా. కాని రెండో నాడు మీరు తిరిగి రాలేకపోతే ఏం చేస్తారు?" అని అడిగాను.

"ఎందుకు రాలేం తాతయ్యా? పడవ ఉంటుందిగా!" అన్నాడు వాడు.

నాకు నవ్వు వచ్చింది. ఎందుకంటే, ముప్ఫై ఏళ్ళ క్రితం ఇదే ప్రశ్న నన్ను ఒకాయన అడిగాడు. నేనూ సరిగ్గా ఇదే జవాబు చెప్పాను. అప్పటికి నేను ఉపాధ్యాయ శిక్షణ పూర్తి చేసి పదేళ్ళ పాటు పిల్లలకు సైన్సు చెప్పినవాణ్ణి కూడాను! ఆ సంగతే మీకు చెబుతాను. మీలో ఎవరైనా దీవికి పోదలిస్తే మీకు పనికివస్తుంది. పోకపోయినా పనికివస్తుంది.

ముందు హోప్ దీవి అంటే ఏమిటో తెలుసుకోండి. కాకినాడ ఎదురుగా, సముద్రంలో, ఉత్తర దక్షిణాలుగా 16 కిలోమీటర్లకు పైగా సాగిన సన్నని ఇసుక దిబ్బ అది. పటంలో చూస్తే తోక ఉన్న చేపపిల్లలా కనిపిస్తుంది. దీన్ని ఎవరూ కట్టలేదు. గోదావరి తల్లి ప్రతి వరదకూ ఎంతో మట్టీ ఇసుకా తెచ్చి సముద్రంలో పోస్తుంది కదా? తీరం వెంట కొట్టే అలలు ఆ ఇసుకను కొంచెం కొంచెంగా ఉత్తరానికి తోసుకుపోతాయి. అలా తోసిన ఇసుక సుమారు రెండు వందల సంవత్సరాలలో ఇంత దిబ్బ అయింది. భూమి వయస్సుతో పోలిస్తే ఇది నిన్న పుట్టిన పసిబిడ్డ అన్నమాట!

పసిబిడ్డే అయినా చేసే మేలు పెద్దది. తూర్పునుంచి వచ్చే సముద్రపు అలలు దీనికి తగిలి ఆగిపోతాయి. అందుచేత దీనికీ కాకినాడకూ మధ్య ఉన్న నీళ్ళు ప్రశాంతంగా ఉంటాయి. ఓడలు నిశ్చింతగా లంగరు వేసుకుంటాయి. హోప్ అంటే ఇంగ్లీషులో ఆశ అని అర్థం. తుపానులో చిక్కిన నావికుడికి ఈ దిబ్బ కనిపిస్తే ఆశ కలగడంలో ఆశ్చర్యమేముంది?

1995లో నేను కాకినాడకు దగ్గరలో ఉన్న ఒక పల్లెటూరి బడిలో సైన్సు మాస్టారుగా ఉండేవాణ్ణి. ఆటుపోట్ల పాఠం చెబుతూ ఉంటే, ఏడో తరగతి పిల్లవాడొకడు లేచి, "మాస్టారూ, మనం దీవికి పోయి ఒక రాత్రంతా ఉండి, నీళ్ళు ఎలా ఎక్కుతాయో, ఎలా దిగుతాయో చూద్దామండీ!" అన్నాడు. తరగతి అంతా చప్పట్లు కొట్టింది. నాకూ ఉత్సాహం వచ్చింది. ఎనిమిదిమంది మగపిల్లలు, ఆరుగురు ఆడపిల్లలు బయలుదేరుతామన్నారు. వాళ్ళతో నేనూ, మా బడిలోనే పనిచేసే తెలుగు టీచరు గారూ. మొత్తం పదహారుగురం.

ఏర్పాట్లకు ఒక నోటుపుస్తకం పెట్టాను. మొదటి పేజీలో "అనుమతులు" అని రాశాను. హోప్ దీవి ఉన్న ఆ ప్రాంతం కోరింగ అభయారణ్యానికి చెందింది. 1978లో ఏర్పాటైన ఈ అభయారణ్యం 235 చదరపు కిలోమీటర్లకు పైగా ఉంటుంది. అక్కడ అడుగు పెట్టాలంటే అటవీ శాఖ వారి అనుమతి కావాలి. ప్రధానోపాధ్యాయులవారి అనుమతీ, తల్లిదండ్రుల అనుమతీ కూడా తీసుకోవాలి.

రెండో పేజీలో పడవ. ఒక మరపడవ సరంగును కుదుర్చుకున్నాము. ఆయనకు అరవై ఏళ్ళుంటాయి. ఆయనకు తోడు ఒక కుర్రవాడు. వాళ్ళతో కలిపి మొత్తం పద్దెనిమిదిమందిమి. ఈ లెక్క జ్ఞాపకం పెట్టుకోండి.

తరువాత ప్రయాణం రోజు. సంక్రాంతి సెలవులు ఇచ్చారు. జనవరి 14న పండుగ, మరునాడు కనుమ. కనుమ నాడు కాకైనా కదలదంటారు కనక, ముక్కనుమ నాడు, అంటే 16వ తేదీ పొద్దున బయలుదేరి 17న తిరిగి రావాలని నిర్ణయించాను. పైగా 16వ తేదీ పుష్య పౌర్ణమి. పండువెన్నెల్లో సముద్రం ఒడ్డున పిల్లలు కూర్చుని నక్షత్రాల పేర్లు నేర్చుకుంటారనుకున్నాను.

సరంగుతో ఈ మాట చెబితే ఆయన తల అడ్డంగా ఊపాడు.

"పున్నమి వద్దు మాస్టారండీ. అష్టమికి పెట్టుకోండి. నీరు నెమ్మదిగా ఉంటుంది."

పిల్లలూ, ఆయన మాటలో ఉన్న సైన్సు ఏమిటో చూడండి. చంద్రుడు సముద్రపు నీటిని తనవైపు లాగుతాడు. సూర్యుడు కూడా లాగుతాడు, కాని ఆయన చాలా దూరాన ఉండటం వల్ల ఆటుపోట్లలో ఆయన వంతు తక్కువ. అమావాస్యకూ పౌర్ణమికీ సూర్యుడూ, చంద్రుడూ, భూమీ ఇంచుమించు ఒకే వరసలో ఉంటారు. అప్పుడు ఇద్దరి బలమూ కలిసి, పోటు బాగా ఎక్కుతుంది, పాటు బాగా దిగుతుంది. అష్టమి నాటికి ఇద్దరూ అడ్డదిడ్డంగా లాగుతారు కనక, నీరు ఎక్కడమూ తక్కువే, దిగడమూ తక్కువే.

సరంగు దగ్గర గడియారం లేదు, పంచాంగం ఉంది. "తిథి తిథికీ రెండు ఘడియలు వెనకపడుతుందండీ" అన్నాడాయన. నేను లెక్క వేసుకున్నాను. ఘడియ అంటే 24 నిమిషాలు. రెండు ఘడియలు 48 నిమిషాలు. మా సైన్సు పుస్తకంలో, పోటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుందని రాసి ఉంది! బడి మెట్లు ఎక్కని ఆయన లెక్కకూ, పుస్తకం లెక్కకూ తేడా రెండే నిమిషాలు.

ఇంత తెలిసీ నేను నా పట్టు విడవలేదు. అష్టమి ఒకటి సెలవులకు ముందు వెళ్ళిపోయింది, ఇంకొకటి బడి తెరిచాక గాని రాదు. "పున్నమికే పోదాం" అన్నాను.

"సరే మాస్టారండీ. అయితే రెండు మాటలు వినాలి. డేరాలు నేను చెప్పిన చోట వేయాలి. రెండో నాడు పొద్దున తొమ్మిది గంటలకల్లా అందరూ పడవలో ఉండాలి. పోటు మీద బయలుదేరితే సరి. పాటు మొదలైతే బురద పైకి తేలుతుంది" అన్నాడు సరంగు. నేను ఒప్పుకున్నాను.

ఇక తల్లిదండ్రుల అనుమతులు. పదమూడుగురు సంతకాలు పెట్టారు. ఒకరు పెట్టలేదు. ఆ ఒకరు ఎవరనుకున్నారు? ఈ ప్రయాణం తలపెట్టిన పిల్లవాడి తండ్రే!

ఆ సాయంత్రం వాళ్ళ ఇంటికి వెళ్ళాను. ఆయన అరుగు మీద కూర్చుని వల బాగు చేస్తున్నాడు. ఒకప్పుడు సముద్రం మీద వేటకు పోయేవాడు. తమ్ముణ్ణి సముద్రం తీసుకుపోయాక, మళ్ళీ నీటి మీదికి పోలేదు. వలలు అల్లి బతుకుతున్నాడు. నన్ను చూసి లేచి నిలబడి, చాప వేశాడు.

నేను నోటుపుస్తకం తెరిచి అన్నీ చెప్పాను. ఆయన అన్నీ విన్నాడు. చివరకు ఒక్క ప్రశ్న అడిగాడు.

"అంతా బాగుందండీ మాస్టారూ. రెండో నాడు రాలేకపోతే ఏం చేస్తారండీ?"

"ఎందుకు రాలేం? పడవ మన దగ్గరే ఉంటుందిగా!" అన్నాను.

ఆయన ఏమీ మాట్లాడలేదు. వల వంక చూస్తూ కూర్చున్నాడు. ఆ నిశ్శబ్దంలో నాకే సిగ్గు వేసింది. పుస్తకమంతా తిరగేశాను. వెళ్ళడానికి ఆరు పేజీలు రాసుకున్నాను. రాలేకపోవడానికి ఒక్క గీత కూడా రాయలేదు.

"మీరు చెప్పండి, ఏం చేయాలి?" అని అడిగాను.

"ముందు మంచినీళ్ళండీ. చుట్టూ సముద్రం ఉంటుంది గాని గుక్కెడు తాగడానికి ఉండదు. రెండు రోజులకు పట్టుకెళ్ళేవాడు మూడు రోజులకు పట్టుకెళ్ళాలి. తరువాత, వండకుండా తినేది ఏదో ఒకటి. మూడోది, గట్టు మీద ఉన్నవాళ్ళకు మీరు ఎప్పటికి వస్తారో తెలియాలి."

"17వ తేదీ మధ్యాహ్నం భోజనాల వేళకు మీ అబ్బాయిని మీకు అప్పగిస్తాను" అన్నాను.

ఆయన లోపలికి పోయి కలం తెచ్చి సంతకం పెట్టాడు.

ఇంటికి వచ్చి నీటి లెక్క మళ్ళీ వేశాను. తాగడానికీ వంటకూ మనిషికి రోజుకు మూడు లీటర్లు. పద్దెనిమిదిమందికి రోజుకు 54 లీటర్లు. రెండు రోజులకు 108. మూడో రోజు కలిపితే 162. ఇరవై లీటర్ల డబ్బాలు తొమ్మిది పట్టుకెళ్ళాలని రాసుకున్నాను. అంటే 180 లీటర్లు. అదనంగా పది కిలోల అటుకులూ, నాలుగు కిలోల బెల్లమూ. ఒక చిన్న పెట్టెలో దూది, గుడ్డ పట్టీలు, జ్వరం మాత్రలు, ఉప్పూ పంచదారా కలిపిన పొడి పొట్లాలు.

సముద్రపు నీళ్ళు ఎందుకు తాగకూడదని మీకు సందేహం రావచ్చు. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. అంత ఉప్పును మన మూత్రపిండాలు బయటికి పంపాలంటే, మనం తాగినదానికన్నా ఎక్కువ నీరు ఖర్చవుతుంది. అందుచేత తాగినకొద్దీ దాహం పెరుగుతుందే గాని తగ్గదు.

16వ తేదీ పొద్దున మా పడవ కదిలింది. దారిలో తీరం వెంట మడ చెట్లు కనిపించాయి. మడ చెట్టు బురదలో, ఉప్పునీటిలో పెరుగుతుంది. బురదలో గాలి ఉండదు కనక, మడజాతుల్లో కొన్నిటి వేళ్ళు పెన్సిళ్ళు పాతిపెట్టినట్టు నేలనుంచి పైకి పొడుచుకువచ్చి గాలి పీల్చుకుంటాయి. పిల్లలు వాటిని చూసి ఒకటే కేరింతలు. గంటన్నర దాటిన తరువాత దీవి చేరాము.

మెత్తని ఇసుకలో మేకులు నిలవవు. ఈ సంగతి సరంగే నేర్పాడు. చిన్న గోనెసంచిలో ఇసుక నింపి, దానికి తాడు కట్టి, మోకాలి లోతు గోతిలో పూడ్చిపెడితే, ఎంత గాలికీ డేరా కదలదు. పిల్లలు రెండేసి మంది ఒక్కొక్క సంచి నింపారు.

డేరాలకు నేను ఒక చోటు చూశాను. చదునుగా, శుభ్రంగా, నీళ్ళకు దగ్గరగా ఉంది. సరంగు వద్దన్నాడు. ఇంకా చాలా పైకి తీసుకుపోయి, ఇసుక మీద పాకిన ఒక తీగను చూపించాడు. దాని ఆకు మేక గిట్టలా రెండుగా చీలి ఉంది. "ఈ తీగ దాటి పైకి వేసుకోండి. నీరు తరచుగా వచ్చే చోట ఇది పెరగదండీ" అన్నాడు. నీళ్ళకు అంత దూరమైతే బిందెలు మోయడం కష్టమని పిల్లలు గొణిగారు. నాకూ మనసులో అలాగే ఉంది. కాని మాట ఇచ్చాను గదా!

రాత్రి భోజనాలయ్యాయి. వెన్నెల పిండి ఆరబోసినట్టుంది. తెలుగు టీచరు గారు కథ చెబుతున్నారు. ఇంతలో ఒక పిల్ల, "మాస్టారూ, నీళ్ళు దగ్గరికి వచ్చాయండీ!" అంది. అందరమూ లేచి చూశాము. పగలు నేను డేరాలకు ఎంచిన చోటు కనిపించడం లేదు. అక్కడ అలలు ఆడుతున్నాయి. నీళ్ళు తీగకు ఇరవై అడుగుల దూరం దాకా వచ్చి, కాసేపు నిలబడి, మెల్లగా వెనక్కు తగ్గాయి. ఆటుపోట్ల పాఠం నేను చెప్పక్కరలేకుండానే పూర్తయింది.

పిల్లలూ, ఇంత చూసిన తరువాత సరంగు చెప్పిన రెండో మాటను నేను ఇంకా జాగ్రత్తగా పాటించి ఉండాలి కదా? పాటించలేదు. ఎందుకో చెబుతాను.

తెల్లవారి, ఆ దిబ్బమీద వలలు లాగేవారు ఇద్దరు వచ్చి, దక్షిణంగా రెండు కిలోమీటర్ల దూరాన రాత్రి తాబేలు గుడ్లు పెట్టి వెళ్ళిందని చెప్పారు. అది ఆలివ్ రిడ్లీ అనే సముద్రపు తాబేలు. ఆడ తాబేలు రాత్రివేళ ఒడ్డుకెక్కి, వెనక కాళ్ళతో గొయ్యి తీసి, నూరు దాకా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, మళ్ళీ సముద్రంలోకి పోతుంది. 45 నుంచి 60 రోజులకు పిల్లలు బయటికి వస్తాయి. ఇంకో వింత ఏమిటంటే, ఇసుక వేడిగా ఉంటే ఆడపిల్లలు ఎక్కువగా, చల్లగా ఉంటే మగపిల్లలు ఎక్కువగా పుడతాయి!

ఇన్నేళ్ళు పుస్తకంలో బొమ్మ చూపించి చెప్పినదాన్ని కళ్ళారా చూసే అవకాశం వచ్చింది. "అరగంటలో పోయి వద్దాం" అన్నాను. పిల్లలు ఎగిరి గంతేశారు. సరంగు నీళ్ళ వంక చూశాడు, నా వంక చూశాడు, ఏమీ అనలేదు. నేను పెద్ద మాస్టారిని గదా, ఆయన ఎలా అంటాడు?

ఇసుకలో రెండు కిలోమీటర్లు నడవడమంటే రోడ్డు మీద నాలుగు నడిచినంత. పోయాము, ట్రాక్టరు నడిచినట్టున్న తాబేలు జాడ చూశాము, గూటిని ముట్టుకోకుండా దూరంగా నిలబడి బొమ్మలు గీసుకున్నాము. తిరిగి వచ్చి, డేరాలు విప్పి, పడవ ఎక్కేసరికి పదకొండు దాటింది.

పడవ సగం దారి వచ్చింది. అడుగున గరగరమని చప్పుడైంది. సరంగు ఇంజను ఆపేశాడు. కుర్రవాడు గెడ వేసి చూశాడు. నీళ్ళు మూడడుగులు కూడా లేవు, కింద అంతా బురద. పడవ కూరుకుపోయింది. చూస్తూ ఉండగానే చుట్టూ నీళ్ళు తగ్గుతున్నాయి. కాసేపటికి బురద మీద కొంగలు దిగి నడవసాగాయి. పున్నమి పోటు ఎంత ఎక్కుతుందో, పున్నమి పాటు అంత దిగుతుంది. ఈ వాక్యం నేను ఎన్నిసార్లు నల్లబల్ల మీద రాశానో!

"మళ్ళీ పోటు వచ్చేదాకా ఏం చేయలేమండీ. దీపాల వేళ అవుతుంది" అన్నాడు సరంగు.

ఎనిమిదో తరగతి పిల్లవాడొకడు ధైర్యంగా లేచి, "నేను దిగి నడిచిపోయి, ఇళ్ళ దగ్గర చెప్పివస్తానండీ!" అన్నాడు. సరంగు గెడ తీసుకుని బురదలో దించాడు. అది మనిషి నడుము లోతు దాకా దిగిపోయింది. పైకి లాగడానికి ఇద్దరు పట్టవలసివచ్చింది. పిల్లవాడు మాట్లాడకుండా కూర్చున్నాడు.

నేను పిల్లలను లెక్కపెట్టాను. పద్నాలుగు. మళ్ళీ లెక్కపెట్టాను. ఎవరూ ఎక్కడికీ పోయే వీలులేదని తెలిసినా, పావుగంటకోసారి లెక్కపెడుతూనే ఉన్నాను.

ఎండ మండిపోతోంది. డేరా గుడ్డను వాసాలకు కట్టి నీడ చేశాము. నీళ్ళ డబ్బాలు చూశాను. రెండు నిండుగా ఉన్నాయి, ఇంకొకటి సగం. యాభై లీటర్లు! ఆ మూడో రోజు నీళ్ళు తేకపోయి ఉంటే, ఈపాటికి డబ్బాలన్నీ ఖాళీ అయ్యేవి. ఉప్పునీటి మధ్య, ఎండలో, పద్నాలుగుమంది పసివాళ్ళు గొంతు తడుపుకోవడానికి చుక్క లేకుండా ఉండేవారు. అందరికీ గంటకోసారి గ్లాసు చొప్పున పోశాము. అటుకులు నానబెట్టి బెల్లంతో పెట్టాము. తెలుగు టీచరు గారు పొడుపుకథలు వేశారు. పిల్లలు దాన్ని కూడా విహారంలో భాగమే అనుకున్నారు. వాళ్ళకు భయం తెలియలేదు.

ఒక్కడికి తెలిసింది. వాడు నా పక్కకు వచ్చి, చెవిలో, "మాస్టారూ, మా నాన్న గట్టు మీద నిలబడి ఉంటాడండీ" అన్నాడు. నేను వాడి వీపు నిమిరాను. ఏం చెప్పను? మధ్యాహ్నం భోజనాల వేళకని మాట ఇచ్చినవాణ్ణి నేను. ఆ వేళ దాటిన ప్రతి నిమిషమూ, గట్టు మీద ఒక మనిషి తన తమ్ముణ్ణి తలుచుకుంటూ ఉంటాడు. నేను చూసిన తాబేలు జాడ వెల అది.

సాయంత్రం నీళ్ళు తిరిగాయి. ముందు బురద మీద గీతల్లాగా, తరువాత వాగుల్లాగా వచ్చాయి. చీకటి పడుతుండగా పడవ ఒకసారి ఊగింది. ఇంకోసారి ఊగింది. సరంగు ఇంజను వేశాడు. మేము రేవు చేరేసరికి చంద్రుడు బారెడు పైకి వచ్చాడు.

గట్టు మీద తల్లులూ తండ్రులూ గుంపుగా ఉన్నారు. అందరికన్నా ముందు, నీళ్ళలో మోకాలి లోతున, లాంతరు పట్టుకుని ఆయన నిలబడి ఉన్నాడు. ఎన్నో ఏళ్ళ తరువాత ఆయన నీళ్ళలో అడుగుపెట్టింది ఆ రోజేనని తరువాత తెలిసింది.

పిల్లలు ఒక్కొక్కరే దిగుతున్నారు. ఆయన లాంతరు ఎత్తి ఒక్కొక్కరి ముఖమూ చూస్తూ లెక్కపెడుతున్నాడు. వాళ్ళ అబ్బాయి అయిదోవాడుగా దిగాడు. ఆయన వాడి తల మీద చేయి వేశాడు, కాని లెక్క ఆపలేదు. పద్నాలుగు అయ్యాక టీచరు గారినీ, నన్నూ, కుర్రవాణ్ణీ, చివరకు సరంగునూ కూడా లెక్కపెట్టాడు.

"పద్దెనిమిది. సరిపోయిందండీ" అన్నాడు.

నేను క్షమించమని చెప్పబోయాను. నోరు పెగల్లేదు.

ఆయనే అడిగాడు: "మంచినీళ్ళు సరిపోయాయా మాస్టారూ?"

"మీ నీళ్ళే సరిపోయాయి" అన్నాను.

బడి తెరిచిన నాడు ప్రార్థన అయ్యాక, పిల్లలందరి ముందూ, తప్పు సరంగుది కాదు, పడవది కాదు, నాదేనని చెప్పాను. ఆ సాయంత్రం సరంగు ఇంటికి కూడా పోయి చెప్పాను. "మీరు నన్ను గట్టిగా ఆపవలసింది" అంటే, ఆయన నవ్వి, "నీళ్ళు చెబుతాయిలే అనుకున్నానండీ" అన్నాడు.

తరువాత నేను ప్రధానోపాధ్యాయుణ్ణి అయ్యాను. పిల్లలను ఎన్నో చోట్లకు తీసుకువెళ్ళాను. ప్రతి ప్రయాణానికీ నోటుపుస్తకం పెట్టాను. కాని మొదటి పేజీలో అనుమతులు కాదు, "రాలేకపోతే?" అని రాసి, దాని కింద జవాబు రాసిన తరువాతనే రెండో పేజీ తిప్పేవాణ్ణి.

ఇదంతా విని నా మనమడు తన కాగితం వెనక్కు తిప్పి, కొత్తగా రాయడం మొదలుపెట్టాడు. ఇద్దరమూ కలిసి రాసినది మీకూ చెబుతాను.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపానుల కాలం. 1996 నవంబరు 6న వచ్చిన తుపాను కాకినాడ ప్రాంతాన్నీ కోనసీమనూ ఎంత నాశనం చేసిందో మీ పెద్దలను అడగండి. ఆ నెలల్లో దీవుల మాట తలపెట్టకూడదు. ఏ నెలలో అయినా, బయలుదేరే ముందు వాతావరణ శాఖ హెచ్చరికలు చూడాలి. మేము ఆ రోజుల్లో గాలి నింపిన లారీ ట్యూబులు పట్టుకెళ్ళాము. అది చాలదు. ఒంటిమీద లైఫ్ జాకెట్ లేకుండా ఎవరూ పడవ ఎక్కకూడదు. తాబేళ్ళు గుడ్లు పెట్టే కాలంలో రాత్రి ఒడ్డున లైట్లు వేయకూడదు. గుడ్డులోంచి వచ్చిన పిల్లలు వెలుతురు ఉన్నవైపే సముద్రం ఉందనుకుని పోతాయి. మన టార్చిలైటు చూసి దారి తప్పితే తెల్లవారేసరికి కాకుల పాలవుతాయి. పట్టుకెళ్ళిన ప్రతి ప్లాస్టిక్ సంచినీ తిరిగి తెచ్చుకోవాలి. అటవీ శాఖ వారు రాత్రి బసకు ఒప్పుకోకపోతే, పగలు పోయి పగలే రావాలి. అప్పుడు కూడా పోటు వేళలు చూసుకునే పోవాలి.

అన్నీ రాశాక మనమడు ఒక్క సందేహం అడిగాడు. "తాతయ్యా, ఆ మూడో రోజు నీళ్ళు వాడకుండా తిరిగి వస్తే, మోసిన శ్రమంతా వృథాయేగా?"

"అవును, వృథాయే. అలా వృథా కావాలనే కోరుకుంటూ మోయాలి" అన్నాను.

వాడు కాసేపు ఆలోచించి, డబ్బాల లెక్క దగ్గర ఇంకొక డబ్బా కలిపాడు.

మరి మీరు కూడా ఒక ప్రయాణం ఊహించుకోండి. దీవికి కాకపోతే కొండకు, కొండకు కాకపోతే అమ్మమ్మగారి ఊరికి. కాగితం తీసుకుని ఏమేమి కావాలో రాయండి. రాసిన తరువాత మీ అమ్మకో నాన్నకో చూపించి, అందులో మీరు మరిచిన ప్రశ్న ఏమిటో అడగండి. వాళ్ళు అడిగే ప్రశ్నకు మీకు నవ్వు వస్తే, ఇంకోసారి ఆలోచించండి. నేనూ నవ్వినవాణ్ణే!